అందుబాటులో ఉంది సరే, ఎవరికి?

(కాకినాడలో ఒక ఆదివారం ఉదయం ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? ముందున్నవాళ్ళు తలూపుతున్నారు. మీకు వినపడుతుందని నాకు తెలుసు, మీరు స్పీకర్ పక్కనే కూర్చున్నారు. నేను అడిగింది వెనకవాళ్ళని. వాళ్ళ దగ్గర్నుంచి ఏ జవాబూ రాలేదు. ఎందుకు రాలేదు? నా ప్రశ్నే వాళ్ళదాకా వెళ్ళలేదు కాబట్టి. తమ్ముడూ, ఆ సౌండ్ కొంచెం పెంచవా? ఆఁ, ఇప్పుడు? చివరి వరుసలో ఆ అమ్మాయి చెయ్యెత్తింది. థాంక్సమ్మా. ఇవాళ నేను మాట్లాడబోయేది అచ్చంగా ఈ సంగతే.

మీలో చాలామంది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేస్తున్నారు. ఏదో ఒక క్లౌడ్‌లో సర్వర్ తీసుకుంటారు, అందులో మీ వెబ్ సర్వీసు పెడతారు, దానికో అడ్రస్ ఇస్తారు. ఆ అడ్రస్‌నే ఎండ్‌పాయింట్ అంటున్నాం. "పనిచేస్తోందా?" అని గైడ్ గారు అడిగితే మీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి చూపిస్తారు. "చేస్తోంది సార్" అంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అన్నాను. ఒక ఫోన్ కాల్ తర్వాత మానేశాను.

అప్పట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న టీములో పనిచేసేవాణ్ణి. ఒక సంస్థ నడిపే హాస్టల్ సీట్లకి ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకునే సర్వీసు మా చేతిలో ఉండేది. దరఖాస్తులు మొదలైన మూడో రోజు మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేశారు. పాడేరు దగ్గర ఊరు. కూతురు పదో తరగతి పాసైంది. "సార్, దరఖాస్తులు ఎప్పుడు మొదలవుతాయి?" అని అడిగారు. మొదలై మూడు రోజులైందండి అన్నాను. "లేదు సార్, నా ఫోన్లో ఇంకా మొదలు కాలేదనే వస్తోంది" అన్నారు. నేను నా ముందున్న స్క్రీన్ చూశాను. మా మానిటరింగ్ ప్రోగ్రాం నిమిషానికోసారి సర్వీసుని పలకరించేది, పలికితే ఒక పచ్చ చుక్క పెట్టేది. మూడు రోజులుగా అన్నీ పచ్చ చుక్కలే. "మీ ఫోన్లో పాత పేజీ ఉండిపోయి ఉంటుందండి, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అని చెప్పి పెట్టేశాను.

ఆయన చెప్పింది నిజం. ఆయన ఫోన్ కూడా బాగానే ఉంది. తప్పు మా దగ్గర ఉంది. అదేమిటో ఇప్పుడే చెప్పను, ఎందుకంటే దారి మొత్తం తెలిస్తే తప్ప ఆ తప్పు ఎక్కడుందో కనపడదు. ముందు దారి చూద్దాం.

అందుబాటు అనే మాట మనం ఫోన్లలో రోజూ వింటాం. ఇంటికి ఫోన్ చేస్తారు. ఒక్కోసారి అసలు ఆ నంబరే లేదంటుంది. ఒక్కోసారి కవరేజీలో లేరంటుంది. ఒక్కోసారి రింగవుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. ఒక్కోసారి కట్ చేస్తారు. ఒక్కోసారి ఎవరో కొత్త గొంతు "రాంగ్ నంబరండీ" అంటుంది. అన్నిట్లోనూ అమ్మతో మాట్లాడలేకపోయారు, అంతవరకు ఒకటే. కానీ ఆ తర్వాత మీరు చేసే పని ఒకటేనా? నంబరే లేదంటే నంబరు సరిచూసుకుంటారు. ఎత్తకపోతే పక్కింటి పిన్నిగారికి చేస్తారు. కట్ చేశారంటే మనిషి అక్కడే ఉందని మీకు తెలిసిపోతుంది, టెన్షన్ పడరు. వినపడిన దాన్నిబట్టి తెగిన చోటు ఎక్కడో మీకు చెప్పకుండానే తెలుస్తుంది. సర్వర్ విషయంలో మాత్రం మనం "రావట్లేదు" అనే ఒక్క మాటతో సరిపెడతాం. ఏ రావట్లేదు? ఏమని వచ్చి రావట్లేదు? మీ జూనియర్ వచ్చి "అన్నా, రావట్లేదు" అంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

లోపలి నుంచి బయటికి నడుద్దాం. మొదటి చోటు సర్వర్ లోపలే. అందులోకి లాగిన్ అయ్యి అక్కడి నుంచే మీ సర్వీసుని అడగండి. దీనికి కర్ల్ అనే చిన్న ప్రోగ్రాం చాలు. స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఆ పేరుతో విడుదల చేశారు, ఇప్పటికీ ఆయనే దాని బాగోగులు చూస్తున్నారు. మీ చేతిలో ఉండాల్సిన పనిముట్టు ఒక్కటే అంటే నేను దాన్నే చెప్తాను. ఎందుకంటే బ్రౌజర్ మన మీద ప్రేమతో చాలా విషయాలు దాచేస్తుంది. పాత పేజీ దాచుకుని చూపిస్తుంది, దారి మళ్ళిస్తే చెప్పకుండా వెళ్ళిపోతుంది. కర్ల్ అలా కాదు. పక్కన హైఫన్, వి అని పెడితే ఏ అడ్రస్‌కి వెళ్ళింది, ఎవరు పలికారు, ఏ సర్టిఫికెట్ చూపించారు, అన్నీ వరసగా చెప్తుంది.

సర్వర్ లోపల నుంచి అడిగితే జవాబు వచ్చింది, బయటి నుంచి అడిగితే రాలేదు. మీ వయసువాళ్ళకి ఎక్కువగా తగిలేది ఇదే. ఎందుకలా? 127.0.0.1 అనే అడ్రస్ మీకు తెలుసు. లోకల్‌హోస్ట్. అది ఏ మెషీన్‌కి ఆ మెషీనే. ఇంట్లో గదిలోంచి గదిలోకి పిలుచుకోవడం లాంటిది, వీధిలోకి వినపడదు. వెబ్ సర్వీసులు రాయడానికి వాడే ఫ్లాస్క్ గానీ, జాంగో గానీ, డెవలప్‌మెంట్ సర్వర్ నడిపితే మామూలుగా 127.0.0.1 మీదే వింటాయి. మీరు ప్రత్యేకంగా 0.0.0.0 అని చెప్తే, అంటే అన్ని వైపుల నుంచీ విను అని చెప్తే, అప్పుడు బయటివాళ్ళకి పలుకుతాయి. డాకర్ అంటే ప్రోగ్రాంని కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడిపే ఏర్పాటు, అందులో ఇది ఇంకో మెట్టు లోతు. కంటైనర్ లోపలి 127.0.0.1 ఆ కంటైనర్‌కే సొంతం. పోర్టు, అంటే సర్వీసుకి వచ్చే తలుపు నంబరు, బయటికి తీశాం కదా అనుకుంటారు, లోపల ప్రోగ్రాం మాత్రం తన గదిలోనే తను వింటూ ఉంటుంది. సర్వర్లో ఎస్ఎస్ అనే కమాండ్ ఉంది, ఏ పోర్టు ఏ అడ్రస్ మీద వింటోందో చూపిస్తుంది. మిగతా ఏ వెతుకులాటకైనా ముందు అది చూడండి. రెండు రాత్రులు మిగులుతాయి.

రెండో చోటు పేరు. మీరు టైప్ చేసే పేరు మనుషుల కోసం, నెట్‌వర్క్‌కి కావాల్సింది అంకెలు. పేరుకి అంకెలు చెప్పే ఏర్పాటు డీఎన్‌ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించారు. అంతకుముందు నెట్‌వర్క్‌లోని పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి, ఆ ఫైల్‌ని అందరూ కాపీ చేసుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి పేర్ల లెక్క వాళ్ళ దగ్గర ఉంటుంది, అడిగినవాళ్ళు ఆ జవాబుని కొంతసేపు గుర్తుపెట్టుకుంటారు. ఎంతసేపో మీరే చెప్పాలి. దాన్ని టీటీఎల్ అంటారు. 3600 అని పెట్టారంటే 3600 సెకన్లు, అంటే గంట. ఆ గంటలో మీరు సర్వర్ మార్చితే కొందరు కొత్తదానికి వెళ్తారు, కొందరు పాతదానికి వెళ్తారు. "నాకు వస్తోంది, వాడికి రావట్లేదు" అనే గొడవల్లో చాలా భాగం ఇదే. అందుకే సర్వర్ మార్చే ముందు రోజే టీటీఎల్‌ని 300కో, 60కో తగ్గించి పెట్టుకోవాలి. మార్చిన తర్వాత తగ్గిస్తే ఉపయోగం లేదు, పాత జవాబు అప్పటికే జనం చేతుల్లో ఉంది.

చూడటానికి డిగ్ అనే కమాండ్ ఉంది, విండోస్‌లో అయితే ఎన్ఎస్‌లుకప్. మీ రౌటర్ చెప్పే జవాబు ఒక్కటే చూడకండి. అందరికీ తెరిచి ఉన్న డీఎన్‌ఎస్ సర్వర్లు 8.8.8.8ని అడగండి, 1.1.1.1ని అడగండి. మూడు చోట్లా ఒకే జవాబు వస్తోందా? వచ్చిన అడ్రస్ 10తోనో, 192.168తోనో మొదలవుతోందా? అయితే అది లోపలి నెట్‌వర్క్ అడ్రస్. ఆఫీసులో అందరికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆఫీసు గేటు దాటితే లేదు. ఇంకో మాట. పేరుకి రెండు రకాల రికార్డులు ఉండొచ్చు. ఒకటి ఇంగ్లీషు అక్షరం 'ఏ' పేరుతో ఉండే రికార్డు, అందులో పాత తరహా ఐపీవీ4 అడ్రస్ ఉంటుంది. క్వాడ్ ఏ, అంటే ఏ అనే అక్షరం నాలుగుసార్లు, ఆ రికార్డులో కొత్త తరహా ఐపీవీ6 అడ్రస్ ఉంటుంది. ఈ రెండో రికార్డు మాట గుర్తుపెట్టుకోండి. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

తలుపు కొడితే

ఇప్పుడు అడ్రస్ దొరికింది. వెళ్ళి తలుపు కొట్టాలి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రెండు వేర్వేరు జబ్బుల్ని మనవాళ్ళు ఒకటే అనుకునేది ఇక్కడే. ఒకటి "కనెక్షన్ రిఫ్యూజ్డ్". రెండోది "కనెక్షన్ టైమ్డ్ అవుట్". రెంటిలో ఏది మంచి వార్త? చెప్పండి. ...ఎవరో టైమౌట్ అన్నారు. కాదు తమ్ముడూ. రిఫ్యూజ్డ్ మంచి వార్త.

ఎందుకో చూడండి. రిఫ్యూజ్డ్ అని వచ్చిందంటే మీ ప్యాకెట్, అంటే మీరు పంపిన డేటా ముక్క, ఆ మెషీన్ దాకా వెళ్ళింది. మెషీన్ బతికే ఉంది. "ఈ పోర్టులో ఎవరూ లేరు" అని అదే వెంటనే తిప్పి పంపింది. కాదనడానికైనా అవతల ఒకరు ఉండాలి కదా. కాబట్టి దారి బాగుంది, మీ ప్రోగ్రాం ఆగిపోయింది, లేదా వేరే పోర్టులో వింటోంది, లేదా ఇందాక చెప్పినట్టు 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. వచ్చేవాటిని వడకట్టే ఫైర్‌వాల్స్ కొన్ని కూడా ఇలా తిప్పి పంపుతాయి, కానీ ముందు ప్రోగ్రాం చూడటమే సరైన వరస. వెతకాల్సిన చోటు ఒక్క మెషీన్‌కి తగ్గిపోయింది.

టైమౌట్ అలా కాదు. మీరు పిలిచారు, ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచారు, ఏమీ రాలేదు. కనెక్షన్ కలపడానికి వాడే టీసీపీ పద్ధతిలో మొదట ఒక పలకరింపు ప్యాకెట్ వెళ్తుంది, దానికి జవాబు రాకపోతే ఒక సెకను ఆగి మళ్ళీ పంపుతుంది, తర్వాత రెండు సెకన్లు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు. పాత లినక్స్ వెర్షన్లలో మామూలు సెట్టింగు ఇది. కూడండి ఎంతవుతుందో. 127 సెకన్లు. రెండు నిమిషాల పైన. మీ సర్వీసు వాడే మనిషి రెండు నిమిషాలు ఆ గుండ్రంగా తిరిగే బొమ్మని చూస్తూ కూర్చోవాలి. అందుకని మీరు రాసే ప్రతి చెక్‌లోనూ టైమౌట్ మీరే పెట్టండి, ఐదు సెకన్లో, పది సెకన్లో. పెట్టకపోతే చెక్ చేసే ప్రోగ్రామే రెండేసి నిమిషాలు ఇరుక్కుపోతుంది, సర్వర్ పడిపోయిన సంగతి మీకు ఆలస్యంగా తెలుస్తుంది.

టైమౌట్ వస్తే ఎక్కడ వెతకాలి? క్లౌడ్‌లో అయితే ముందు సెక్యూరిటీ గ్రూపు చూడండి, అంటే ఏ పోర్టులోకి ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా. అందులో లేని పోర్టుకి వచ్చిన ప్యాకెట్‌ని చప్పుడు లేకుండా పారేస్తుంది, పారేశానని కూడా చెప్పదు. తర్వాత సర్వర్ మీద ఉన్న సొంత ఫైర్‌వాల్. తర్వాత అసలు ఆ అడ్రస్ సరైనదేనా అన్నది, సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెడితే పబ్లిక్ ఐపీ మారిపోయే ఏర్పాట్లు ఉన్నాయి. ఇవన్నీ అయ్యాక మీ వైపు చూసుకోండి. చాలా కాలేజీల్లో వైఫై మామూలు వెబ్‌సైట్లు వాడే 80, 443 పోర్టులని తప్ప మిగతావాటిని బయటికి వెళ్ళనివ్వదు. మీరు 8080లో ప్రాజెక్టు పెట్టి ఇక్కడ కూర్చుని రావట్లేదంటారు. అది ప్రపంచమంతటికీ వస్తూనే ఉంటుంది, ఈ బిల్డింగ్‌కి తప్ప.

"సార్, పింగ్ చేస్తే తెలిసిపోతుంది కదా" అంటున్నాడు ఆ అబ్బాయి. మంచి ప్రశ్న. పింగ్ అంటే ఒక మెషీన్‌ని పలకరించి జవాబొస్తుందా అని చూసే చిన్న ప్రోగ్రాం. దాన్ని మైక్ మూస్ అనే అమెరికన్ ఇంజినీర్ 1983 డిసెంబర్లో రాశారు. అక్కడి సైన్యానికి చెందిన ఒక పరిశోధనశాలలో ఆయన ఉద్యోగం, నెట్‌వర్క్ ఏదో తేడాగా ఉంటే ఆ తేడా పట్టుకోవడానికి ఒక్క రాత్రిలో రాసేశారు. సముద్రంలో సబ్‌మెరీన్లు చప్పుడు పంపి ప్రతిధ్వని వింటాయి చూడండి, ఆ చప్పుడు పేరే దీనికీ పెట్టారు. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ రోజూ వాడుతున్నాం, అంత గొప్ప పనిముట్టు. కానీ అది అడిగేది మెషీన్‌ని, మీ సర్వీసుని కాదు. పింగ్‌కి పోర్టు అనే సంగతే తెలియదు. పింగ్‌కి జవాబు వచ్చినా మీ సర్వీసు చచ్చిపోయి ఉండొచ్చు. పింగ్‌ని ఆపేసిన సర్వర్లు కూడా బోలెడు, జవాబు రాకపోయినా సర్వీసు చక్కగా నడుస్తూ ఉండొచ్చు. కాబట్టి పింగ్ చేయండి, కానీ తీర్పు మాత్రం దాని చేత చెప్పించకండి.

తలుపు తీశారు. ఇప్పుడు నువ్వెవరు అని అడగాలి. హెచ్‌టీటీపీఎస్ అంటే అదే, అవతలి సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది. గడువు తీరిపోవడం గురించి మీకందరికీ తెలుసు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులుగా ఉంటూ వచ్చింది, దాన్ని తనంతట తనే పొడిగించుకునే ప్రోగ్రాములు ఉన్నాయి. అయినా గడువు తీరిపోయిందని సైట్లు ఆగిపోతాయి. ఎందుకు? ప్రోగ్రాం కొత్త సర్టిఫికెట్ తెచ్చి డిస్కులో పెట్టింది. వెబ్ సర్వర్ మాత్రం మొదట్లో చదువుకున్న పాతదాన్నే పట్టుకుని కూర్చుంది, దాన్ని రీలోడ్ చేసినవాళ్ళు లేరు. మీరు సర్వర్లోకి వెళ్ళి ఫైల్ తెరిచి చూస్తే తేదీ బాగానే ఉంటుంది. అందుకే గడువుని ఫైల్లో చూడకూడదు, బయటి నుంచి కనెక్ట్ అయ్యి సర్వర్ ఏది చూపిస్తోందో అది చూడాలి.

ఇంకొకటి, దీన్ని పట్టుకోవడం కష్టం. మీ సర్టిఫికెట్‌కి, అందరూ నమ్మే రూట్ సర్టిఫికెట్‌కి మధ్యలో ఇంకోటి ఉంటుంది, ఇంటర్మీడియట్. దాన్ని కూడా మీ సర్వరే పంపాలి. పంపడం మర్చిపోతే క్రోమ్ లాంటి బ్రౌజర్ తనే వెతికి తెచ్చుకుని పని కానిచ్చేస్తుంది. మీకు తాళం బొమ్మ కనిపిస్తుంది, అంతా బాగుందనుకుంటారు. కర్ల్ మాత్రం ఒప్పుకోదు. ఆండ్రాయిడ్ యాప్ ఒప్పుకోదు. "వెబ్‌సైట్ వస్తోంది, యాప్ రావట్లేదు" అని ఎవరైనా అంటే నేను మొట్టమొదట చూసేది ఇదే. ఇక పాత ఫోన్లు. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది. కొత్త పరికరాలకి ఏమీ కాలేదు. ఏళ్ళ తరబడి అప్‌డేట్లు లేని పరికరాల్లో కొన్నిట్లో చాలా సైట్లు తెరుచుకోలేదు. పాత పరికరాలు ఎవరి చేతుల్లో ఉంటాయో నేను చెప్పక్కర్లేదు.

జవాబు వచ్చింది, ఏమని వచ్చింది?

ఇప్పుడు లోపలికి వచ్చాం, హెచ్‌టీటీపీ జవాబు చేతిలో ఉంది. మూడంకెల కోడ్. 200 వస్తే సంబరం, ఇంకేది వచ్చినా కంగారు. అలా కాదు. 401 వచ్చింది, అంటే లాగిన్ కావాలంటోంది. చేరుకోవడం వరకు సర్వీసు పూర్తిగా అందుబాటులో ఉన్నట్టే. 405 వచ్చింది, అంటే మీరు గెట్, అంటే చూపించమనే అభ్యర్థన, పంపారు, అది పోస్ట్, అంటే ఏదైనా ఇచ్చే అభ్యర్థన, మాత్రమే తీసుకుంటుంది. అదీ పర్వాలేదు. 404 అంటే సర్వర్ దాకా వెళ్ళారు, దారిలో ఒక అక్షరం తేడా ఉందేమో చూసుకోండి. 502 అంటే మీ ప్రోగ్రాం ముందు నిలబడి అభ్యర్థనలు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి ప్రాక్సీ బాగుంది, దాని వెనకున్న మీ ప్రోగ్రాం సరిగ్గా పలకలేదు. 504 అంటే వెనకవాడి కోసం ప్రాక్సీ ఎదురుచూసి విసిగిపోయింది. 502 వచ్చినప్పుడు డీఎన్‌ఎస్ వెతుకుతూ కూర్చునేవాళ్ళని చూశాను. అక్కర్లేదు. పేరు, దారి, తలుపు, సర్టిఫికెట్ అన్నీ దాటాకే ఆ 502 మీకు కనిపించింది.

మీలో కొందరు ఉద్యోగాల్లో చేరాక సోప్ అనే పాత పద్ధతి వెబ్ సర్వీసులు కూడా చూస్తారు. అడ్రస్ చివర ప్రశ్నార్థకం పెట్టి డబ్ల్యూఎస్‌డీఎల్ అంటే ఆ సర్వీసు వివరాల పత్రం తెరుచుకుంటుంది. అది తెరుచుకుంటే సర్వీసు నడుస్తున్నట్టే అనుకుంటారు. ఆ పత్రం లోపల ఒక అడ్రస్ రాసి ఉంటుంది, అవతలి ప్రోగ్రాం అసలు పని కోసం వెళ్ళేది ఆ అడ్రస్‌కి. ప్రాక్సీ వెనక ఉన్న సర్వీసుల్లో అక్కడ లోపలి మెషీన్ పేరు పడిపోవడం మామూలే. పత్రం అందరికీ కనిపిస్తుంది, పని ఎవరికీ జరగదు.

సరే, ఇప్పుడు పాడేరు నుంచి ఫోన్ చేసిన ఆయన దగ్గరికి వెళ్దాం.

మరుసటి రోజు ఇంకో ఇద్దరు అదే మాట చెప్పారు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. టీములో ఒకమ్మాయి తన ఫోన్లో వైఫై ఆపేసి మొబైల్ డేటాతో తెరిచింది. "దరఖాస్తులు ఇంకా మొదలు కాలేదు" అని వచ్చింది. అదే ఫోన్, అదే అడ్రస్, వైఫై పెడితే దరఖాస్తు పేజీ.

జరిగిందేమిటంటే, దరఖాస్తులు మొదలవడానికి ముందు వారం మేము పెద్ద సర్వర్‌కి మారాం. డీఎన్‌ఎస్‌లో 'ఏ' అనే రికార్డు ఒక్కటే మార్చాం. క్వాడ్ ఏ రికార్డు ఒకటి ఉందని మర్చిపోయాం. అది పాత సర్వర్‌నే చూపిస్తూ ఉండిపోయింది. పాత సర్వర్‌ని ఎందుకైనా మంచిదని ఆపలేదు. మా ఆఫీసు నెట్ ఐపీవీ4. మా మానిటరింగ్ ఐపీవీ4. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 వాడకం చాలా ఎక్కువ, క్వాడ్ ఏ రికార్డు కనిపిస్తే ఫోన్ ముందు దాని దారే పడుతుంది. ఆ దారిలో వెళ్ళినవాళ్ళందరూ పాత సర్వర్‌కి వెళ్ళారు. అది ఆగిపోయి ఉంటే ఎంతో బాగుండేది, బ్రౌజర్ కాసేపు చూసి ఐపీవీ4 దారికి మారిపోయేది. కానీ అది బతికే ఉంది. పలికింది. సర్టిఫికెట్ చూపించింది. 200 కోడ్ ఇచ్చింది. మొదలు కాలేదని మర్యాదగా చెప్పింది.

ఇందాక మనం నడిచిన దారంతా గుర్తుచేసుకోండి. పేరు దొరికింది, తలుపు తెరుచుకుంది, సర్టిఫికెట్ బాగుంది, కోడ్ 200. ఏ మెట్టు దగ్గరా తప్పు లేదు. మనిషి మాత్రం వేరే ఇంటికి వెళ్ళాడు.

నన్ను ఇప్పటికీ వదలనిది ఆ పొరపాటు కాదు, పొరపాట్లు ఎవరైనా చేస్తారు. ఆ నాలుగు రోజులూ ఊళ్ళల్లో వాళ్ళేం చేశారో తర్వాత తెలిసింది. ఫోన్లో రావట్లేదని మండల కేంద్రంలో నెట్ సెంటర్‌కి వెళ్ళారు. అక్కడి బ్రాడ్‌బ్యాండ్‌లో పేజీ వచ్చింది. "ఇది ఫోన్లో రాదు, నెట్ సెంటర్లోనే వస్తుంది" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. బస్సు ఛార్జీ, నెట్ సెంటర్ వాళ్ళకి డబ్బులు, ఒక రోజు కూలి. మా తప్పుకి వాళ్ళు కట్టిన ఖర్చు అది. చాలామంది మాకు ఒక్క మాట కూడా చెప్పలేదు, చెప్పాలని వాళ్ళకి తోచలేదు, తమ ఫోనే మంచిది కాదనుకున్నారు. అందరికంటే ముందు నాకు ఫోన్ చేసిన ఆయన చెప్పారు, ఆయనకి ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాను. రికార్డు సరిచేసి, గడువు పెంచమని ఆ సంస్థని అడిగి పెంచాక ఆయనకి నేనే ఫోన్ చేసి క్షమించమన్నాను. "పర్లేదు సార్, ఎల్లుండి పాడేరు వెళ్ళి వేసేవాళ్ళమే" అన్నారు.

అప్పటినుంచి చెక్ ఎలా రాస్తానో చెప్తాను. మొదటిది, సర్వర్ ఉన్న చోటు నుంచి చెక్ చేయను, బయటి నుంచి చేస్తాను. ఐపీవీ4లో ఒకసారి, ఐపీవీ6లో ఒకసారి విడివిడిగా. కర్ల్‌లో హైఫన్ 4, హైఫన్ 6 అని పెడితే చాలు, అంత సులువు. ఒక మొబైల్ సిమ్ నుంచి కూడా. రెండోది, కోడ్‌ని నమ్మను, పేజీలో ఉండాల్సిన మాట ఉందా అని చూస్తాను. ఏ వెర్షన్ నడుస్తోందో చెప్పే చిన్న గుర్తు ఒకటి ప్రతి జవాబులో పెడతాను. పాత సర్వర్ పలికితే పాత గుర్తు వస్తుంది, వెంటనే దొరికిపోతుంది. మూడోది, ఉత్తుత్తి దరఖాస్తు ఒకటి గంటకోసారి నిజంగానే పంపిస్తాను, చివరిదాకా వెళ్ళి నంబరు వస్తోందా అని. పేజీ తెరుచుకోవడం కాదు కదా వాళ్ళకి కావాల్సింది, ఆ నంబరు.

అలారం గురించి ఒక మాట. పడిపోయిందని చెప్పే ఏర్పాటు పడిపోయిన దాని మీదే ఆధారపడకూడదు. 2021 అక్టోబర్ 4, సోమవారం రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది, అప్పటికి మీరు స్కూల్లోనో ఇంటర్లోనో ఉంటారు. మనకి రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి, దాదాపు ఆరు గంటలు. ఆ మూడూ నడిపే ఫేస్‌బుక్ కంపెనీయే తర్వాత కారణం రాసింది. నెట్‌వర్క్ పనుల్లో భాగంగా ఇచ్చిన ఒక కమాండ్ డేటా సెంటర్ల మధ్య లింకులన్నీ తెంచేసింది. వాళ్ళ డీఎన్‌ఎస్ సర్వర్లకి ఒక నియమం ఉంది: డేటా సెంటర్‌తో మాట్లాడలేకపోతే నేను బాగాలేనట్టే, నా దగ్గరికి రావద్దని ఇంటర్నెట్‌కి చెప్పి తప్పుకోవాలి. ఒక్క సర్వర్ పాడైనప్పుడు అది చాలా మంచి నియమం. ఆ రాత్రి అన్నీ ఒకేసారి అలా అనుకున్నాయి, అన్నీ తప్పుకున్నాయి. పేరు అడిగితే చెప్పేవాళ్ళు లేరు. సరిచేయడానికి వాడే లోపలి టూల్స్ కూడా పనిచేయక ఇంజినీర్లు డేటా సెంటర్లకి మనుషుల్ని పంపాల్సి వచ్చింది.

మీ ప్రాజెక్టు అంత పెద్దది కాకపోవచ్చు, ఈ చిక్కు మాత్రం మీకూ వస్తుంది. సర్వర్ బాగుందా అని అడిగే హెల్త్ చెక్‌లో డేటాబేస్ ఉందో లేదో కూడా చూస్తారు. డేటాబేస్ ఒక్క నిమిషం నెమ్మదిస్తుంది. అన్ని సర్వర్లూ బాగాలేమంటాయి, పనిని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ అన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. అందుకే కంటైనర్లని నడిపించే కుబర్నెటిస్‌లో ప్రాణం ఉందా అనే ప్రశ్న వేరు, పనికి సిద్ధంగా ఉన్నావా అనే ప్రశ్న వేరు. లైవ్‌నెస్, రెడీనెస్. మొదటిదానికి లేదని జవాబొస్తే చంపి మళ్ళీ మొదలుపెడుతుంది, రెండోదానికైతే కాసేపు పని పంపదు. డేటాబేస్ చెక్‌ని మొదటిదాంట్లో పెట్టకండి.

ఇక చాలు, వినడం ఆపి చేద్దాం. ఈ పొద్దున బస్‌లో వస్తూ ఒక చిన్న సర్వీసు పెట్టాను, అడ్రస్ బోర్డు మీద రాస్తున్నాను. పైన ఒక అంకె కనిపిస్తుంది. కొందరికి ఒక అంకె, కొందరికి ఇంకోటి వచ్చేలా కావాలనే ఒకచోట తప్పు పెట్టాను. అది ఎక్కడుందో మీరే పట్టుకోవాలి. అందరూ వైఫై ఆపేయండి, మొబైల్ డేటాతో తెరవండి. తెరిచారా? అంకె రానివాళ్ళు ఏం వచ్చిందో అక్షరం పొల్లు పోకుండా చదవండి, "రావట్లేదు" అనొద్దు. చివరి వరుస నుంచి మొదలుపెడదాం. అమ్మా, ఇందాక చెయ్యెత్తావు చూడు, నీకేం వచ్చింది?